తేలికైన బేస్ ఆంప్‌ను దారికి తెచ్చుకోవడం: నా ప్రాజెక్టు డైరీ

1వ రోజు

నా బేస్ గిటార్ కోసం నిన్న రాత్రి చెన్నై నుంచి ఈ ఆంప్‌ను బస్సులో తెచ్చుకున్నాను. హెడ్‌ను, అంటే స్పీకర్ లేని ఆంప్ పెట్టెను, వంటింటి కాటా మీద పెట్టి చూస్తే 2 కిలోల 400 గ్రాములు తూగింది. స్పీకర్ బాక్స్ వేరు. అందులో 12 అంగుళాల స్పీకర్ ఒకటి, చిన్న హార్న్ ఒకటి, మొత్తం 14 కిలోలు. రెండూ సెకండ్ హ్యాండే, కలిపి 62 వేలు.

ఇన్నాళ్లు నేను మోసింది 29 కిలోల కాంబో, ఆంప్, స్పీకర్ ఒకే పెట్టెలో ఉండే రకం. 15 అంగుళాల స్పీకర్, 100 వాట్లు. పద్దెనిమిదేళ్లుగా తిరుపతి చుట్టుపక్కల పెళ్లి కచేరీలకు, చర్చి పండగలకు, జాతర స్టేజీలకు నాతో వచ్చింది అదే. పోయిన కార్తీకంలో రేణిగుంట దగ్గర ఒక మండపం మెట్లెక్కుతుంటే నడుం పట్టేసింది. ఇక 20 కిలోలు దాటినవి ఎత్తొద్దని డాక్టర్ గట్టిగా చెప్పారు. బేస్ వాయించడం మానలేను. అందుకే ఆంప్ మార్చాను.

బైరాగిపట్టెడలోని మా ఇంటి ముందు గదిలో పెట్టి ఆన్ చేశాను. గడియారం ముల్లు లెక్కన చెప్పాలంటే బేస్ నాబ్ మూడు గంటల దగ్గర పెట్టాను. మధ్య స్వరాలకుండే రెండు మిడ్ నాబ్‌లూ తగ్గించాను, ట్రెబుల్ కొంచెం పెంచాను. పాత కాంబో మీద ఎప్పుడూ అలాగే పెట్టేవాణ్ణి. లావు తీగ మీటగానే కిటికీ అద్దాలు అదిరాయి. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, "ఇంత చిన్నదాంట్లోంచా ఇంత శబ్దం?" అంది. ఆ మాటతో నాకు సగం బరువు దిగినట్టయింది.

4వ రోజు

తిరుచానూరు రోడ్డులో కల్యాణ మండపం, రిసెప్షన్ కచేరీ. కీబోర్డు, ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్స్, తబలా, డోలక్, ఇద్దరు గాయకులు, నేను. మొదటి పాట పల్లవి పూర్తి కాకముందే గుండె జారిపోయింది. నేను మీటుతున్నది నాకే వినపడటం లేదు. మాస్టర్ పెంచాను, ఇంకా పెంచాను. రెండు గంటల స్థానం దాటాక శబ్దం పెరగడం ఆగిపోయింది. ఎర్ర లైటు మాత్రం ప్రతి దెబ్బకూ వెలుగుతోంది. ఎక్కడో మూల నుంచి బొయ్యిమని మోత వస్తోంది గానీ ఏ స్వరం పలుకుతోందో తెలియదు.

చరణంలో ప్యాడ్స్ తమ్ముడు వంగి, "అన్నా, లైన్‌లో ఉండావా లేదా?" అని అడిగాడు. వాడు ఎగతాళి చేసే పిల్లాడు కాదు. నిజంగానే వాడికి వినపడలేదు.

పాత కాంబోను కొనుక్కుంటానన్న అబ్బాయికి రాత్రే మెసేజ్ పెట్టాను, ఇంకో నెల ఆగమని. ఆ నెలలో ఈ ఆంప్ సంగతి తేలాలి. అందుకే ఈ డైరీ.

5వ రోజు

ఈ రోజంతా కాగితం, పెన్సిల్, ఆంప్‌తో వచ్చిన పుస్తకం. ముందు నా భయం తీర్చుకోవాలి: తేలికగా ఉంది కాబట్టి బలం తక్కువా? కాదు. పాత ఆంపుల్లో బరువంతా ఇనుప ట్రాన్స్‌ఫార్మర్‌ది, వేడిని లాగే అల్యూమినియం రెక్కలది. 1969లో వచ్చిన ఆంపెగ్ ఎస్‌విటి వాల్వుల ఆంప్ 300 వాట్లిచ్చేది, హెడ్ ఒక్కటే దాదాపు 40 కిలోలు. నా చేతిలో ఉన్నది క్లాస్ డి. ఇందులో ట్రాన్సిస్టర్లు సెకనుకు లక్షల సార్లు పూర్తిగా తెరుచుకుని పూర్తిగా మూసుకుంటాయి. సగం తెరిచి ఉండే సమయం దాదాపు లేదు కాబట్టి వేడిగా వృథా అయ్యే కరెంటు చాలా తక్కువ. పవర్ సప్లై కూడా అదే వేగంతో పనిచేసే రకం కనుక దాని ట్రాన్స్‌ఫార్మర్ అరచేతిలో పడుతుంది. బరువు తగ్గింది అక్కడ, వాట్లలో కాదు.

వాట్ల లెక్క మాత్రం నేను అనుకున్నట్టు లేదు. హెడ్ మీద 500 అని రాసి ఉంది, అది 4 ఓమ్‌ల బాక్స్‌కు. ఓమ్ అంటే బాక్స్ కరెంటుకు పెట్టే అడ్డు కొలత, అది తగ్గేకొద్దీ బాక్స్ కరెంటు ఎక్కువ లాగుతుంది. నా బాక్స్ 8 ఓమ్‌లు. దానికి వచ్చేది 280 అని వెనక పేజీలో ఉంది. పాతదాని 100తో పోలిస్తే దాదాపు మూడింతలు. అయినా వాట్లు రెట్టింపైతే శబ్దం కొలతలో పెరిగేది 3 డెసిబెల్‌లే. 100 నుంచి 280కి వస్తే నాలుగున్నర డెసిబెల్. చెవికి "రెండింతలు గట్టిగా ఉంది" అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్ పెరగాలి, అంటే పదింతల వాట్లు.

తర్వాత చేసిన లెక్క నన్ను కూర్చోబెట్టింది. నా ఆంప్‌లో ప్రతి టోన్ నాబ్ 15 డెసిబెల్ పైకీ కిందికీ తిరుగుతుంది. మూడు గంటల దగ్గర పెడితే సుమారు 9 డెసిబెల్ పెంచినట్టు. 9 డెసిబెల్ అంటే ఎనిమిదింతల పవర్. అంటే మంద్రంలో 280 వాట్లు ఖర్చయ్యే సమయానికి మిగతా స్వరాలకు అందుతున్నది 35 వాట్ల లెక్క. ఎర్ర లైటు వెలిగినప్పుడు లోపల లిమిటర్ పట్టేస్తుంది, అది మొత్తం శబ్దాన్ని కలిపి నొక్కుతుంది. మంద్రానికి పెట్టిన ఖర్చుకు మీటు అణిగిపోయింది. మాస్టర్ ఎంత తిప్పినా పెరగకపోవడానికి కారణం ఇదే.

స్పీకర్‌కూ ఇదే కష్టం. ఒక స్థాయి (ఆక్టేవ్) కిందికి దిగి అంతే గట్టిగా వినిపించాలంటే కోన్ నాలుగింతలు ఎక్కువ దూరం ముందుకూ వెనక్కూ కదలాలి. నాలుగో తీగ ఖాళీగా మీటితే 41 హెర్ట్జ్, అంటే సెకనుకు 41 సార్లు ఊగుతుంది. నా బేస్ నాబ్ పట్టుకునేది సరిగ్గా 40 దగ్గర. ఒక్క 12 అంగుళాల స్పీకర్‌ను నేను అడిగినంత అడగకూడదు.

7వ రోజు

అన్ని నాబ్‌లూ నడిమికి తెచ్చి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను. ముందు గెయిన్. ఇన్నాళ్లు గెయిన్, మాస్టర్ రెండూ ఒకటే పని చేస్తాయనుకుని ఏది చేతికి తగిలితే అది తిప్పాను. గెయిన్ అంటే గిటార్ నుంచి వచ్చే సన్నటి సిగ్నల్‌ను ఆంప్ లోపలి ముందు గదిలోకి ఎంత రానివ్వాలన్నది. మాస్టర్ అంటే ఆ గదిలోంచి స్పీకర్‌కు ఎంత పంపాలన్నది. ముందు గదిలోనే నిండిపోయి చిట్లితే తర్వాత ఎంత తగ్గించినా ఆ చిట్లుడు పోదు. అక్కడ మరీ తక్కువైతే మాస్టర్ చివరిదాకా తిప్పినా చాలదు, పైగా బుస్ మనే శబ్దం పెరుగుతుంది.

మాస్టర్ సున్నాలో పెట్టి, గిటార్ వాల్యూమ్ నిండా తెరిచి, కచేరీలో అందరికంటే గట్టిగా కొట్టే దెబ్బ కొట్టాను. ఇంట్లో కూర్చుని వేలితో మెల్లగా మీటి గెయిన్ పెడితే పనికిరాదు. స్టేజీ మీద వేడికి చెయ్యి రెండింతలు గట్టిగా పడుతుంది. గట్టి దెబ్బకు మాత్రమే, సిగ్నల్ మించిందని చెప్పే క్లిప్ లైటు రెప్పపాటు వెలిగేలా గెయిన్ ఆపాను. పదకొండు గంటల స్థానం. అక్కడ చిన్న టేపు అంటించాను. దాని తర్వాతే మాస్టర్ పెంచాను.

ఈ ఒక్క పనితోనే ఆంప్ కొంచెం ఊపిరి పీల్చుకున్నట్టుంది.

10వ రోజు

మా గదిలో ఒక వింత. ఖాళీ 'ఎ' తీగ మీటితే ఇల్లంతా ఊగుతుంది, రెండు ఫ్రెట్‌లు (గిటార్ మెడ మీది మెట్లు) పైకి వెళ్తే మామూలైపోతుంది. ఆంప్ లోపమేమోనని టెన్షన్ పడ్డాను. టేపుతో గది కొలిచాను. పొడవు పదిన్నర అడుగులు, అంటే 3.2 మీటర్లు. ఈ ఎండలకు గాలిలో శబ్దం సెకనుకు సుమారు 350 మీటర్లు పోతుంది. ఎదురెదురు గోడల మధ్య సగం అల సరిగ్గా ఇరుక్కునే స్వరం 55 హెర్ట్జ్. 'ఎ' తీగ సరిగ్గా 55. ఊగింది గది. ఆంప్ లోపం ఏమీ లేదు.

మొదటి రోజు అద్దాలు అదిరి నేను మురిసిపోయింది కూడా దీనికే. ఇక ఈ గదిలో టోన్ గురించి ఏ నిర్ణయమూ తీసుకోను. గెయిన్, కేబుళ్లు, హమ్ (కరెంటు వల్ల వచ్చే సన్నటి మోత) లాంటివి మాత్రమే ఇక్కడ చూస్తాను.

11వ రోజు

మా వీధి చివర మృదంగం నేర్పే మాస్టారు ఉన్నారు. సాయంత్రం పిల్లల క్లాసు అయ్యాక అరుగు మీద కూర్చుని ఉంటే వెళ్లి నా గోడు చెప్పుకున్నాను. ఆయన డెసిబెల్ అడగలేదు. పక్కనున్న మృదంగాన్ని ఒళ్లోకి లాక్కుని, గిన్నెలోంచి తడిపిన రవ్వ తీసి ఎడమ వైపు తొప్పికి అద్దారు. అరచేత్తో ఒక దెబ్బ వేశారు. లోతుగా, గుండ్రంగా పలికింది. ఇంకొంచెం రవ్వ అద్ది మళ్లీ వేశారు. ఇంకా కిందికి దిగింది. మూడోసారి బాగా దట్టంగా అద్దారు. ఈసారి దబ్ మన్నదంతే.

"చూసినావా నాయనా? మంద్రం కావాలని రవ్వ పెడతా పోతే పలుకు చచ్చిపోతుంది. నాలుగో వరసలో కూర్చున్నోడికి చేరేది పలుకే."

"మరి మంద్రం తగ్గిస్తే నిండుతనం పోదా సార్?"

ఆయన లోపలికి వెళ్లి తంబుర తెచ్చారు. మంద్ర తీగ కింద ఉన్న జీవాళి దారాన్ని పక్కకు లాగి మీటారు. మొద్దుగా ఉంది. దారాన్ని మళ్లీ సరైన చోటికి జరిపారు. ఒక్కసారిగా పైన స్వరాలన్నీ విచ్చుకున్నాయి. చిత్రమేమిటంటే కింది షడ్జమం కూడా ఇంకా లోతుగా ఉన్నట్టే తోచింది. దారం కింది స్వరానికి ఏమీ కలపలేదు, పైవాటినే లేపింది.

ఇంటికి వస్తూ ఆలోచించాను. ఫోన్ స్పీకర్‌లో 41 హెర్ట్జ్ వచ్చే ప్రశ్నే లేదు. అయినా ఫోన్‌లో పాట పెడితే బేస్ నడక మనకు తెలుస్తుంది. దాని రెట్టింపు 82, మూడింతలు 123, ఆ పైవి వినపడితే చాలు, అడుగున ఉండాల్సిన స్వరాన్ని చెవే కల్పించుకుంటుంది. నేను స్పీకర్‌తో గుంజించాలని చూసిన పనిలో చాలా భాగం వినేవాళ్ల చెవి ఉచితంగా చేసి పెడుతుంది.

12వ రోజు

తీగలు మార్చాను. రెండేళ్ల నాటివి, చెమటకు నల్లబడి పలుకు చచ్చిపోయాయి. ఆంప్‌ను తిట్టేముందు ఈ పని చేయాల్సింది.

16వ రోజు

కొర్లగుంటలో కీబోర్డు అన్న వాళ్ల మిద్దె మీద రేకుల షెడ్డులో రిహార్సల్. ఈసారి ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఒకే పాట, ఒకే తాళం, పదిసార్లు. ప్రతిసారీ ఒకే ఒక్క నాబ్ మార్చడం, 10 అడుగుల దూరంలో కుర్చీ మీద ఫోన్‌లో రికార్డు చేసుకోవడం. పాపం, వాళ్లంతా ఓపిగ్గా వాయించారు. టీలు, బజ్జీలు నా ఖర్చు.

మొదట నా పాత పద్ధతి, బేస్ పైకి, మిడ్‌లు కిందికి. ఒంటరిగా వాయిస్తే రాజులా ఉంది. అందరూ కలవగానే మాయం. మిడ్‌లు తగ్గిస్తే ఎక్కడ ఖాళీ పడుతుందో అక్కడే డోలక్, కీబోర్డు, గాయకుల గొంతులు వచ్చి కూర్చుంటాయి. అట్టడుగున మిగిలిన కాస్తను ప్యాడ్స్‌లోని కిక్ డ్రమ్ దెబ్బ మింగేస్తుంది.

తర్వాత బేస్ నడిమికి తెచ్చాను. ఏదీ పెంచలేదు. అయినా ఫోన్ రికార్డింగ్‌లో నా లైన్ మొదటిసారి వినిపించింది. ఆ తర్వాత లో మిడ్, 360 హెర్ట్జ్ దగ్గరిది, 4 డెసిబెల్ పెంచాను. స్వరానికి నడుము వచ్చింది. హై మిడ్, 800 దగ్గరిది, 3 పెంచాను. వేలు తీగను తాకే చప్పుడు, ఎక్కడ మొదలైందో ఆ అంచు తెలిసింది. లో మిడ్‌ను 8 దాకా లాగి చూస్తే డబ్బాలోంచి వస్తున్నట్టయింది, వెనక్కి తగ్గాను. చివరగా బేస్ నాబ్ నడిమి నుంచి 3 డెసిబెల్ తగ్గించాను. ఇక్కడ నా చెయ్యి వణికింది. బేస్ వాయించేవాడు బేస్ తగ్గించడమేమిటి అనే మాట ఏళ్లుగా ఒంట్లో ఉంది. తగ్గించగానే లిమిటర్ లైటు ఆరిపోయింది, మాస్టర్ ఇంకో గంట పైకి తిప్పే చోటు దొరికింది. అలా తిప్పితే, తగ్గించిన మంద్రం కూడా మొదటికంటే ఎక్కువే వినపడింది.

"ఇప్పుడుండాది అన్నా" అన్నాడు ప్యాడ్స్ తమ్ముడు, నేను అడక్కుండానే.

ఇదే సెట్టింగ్‌ను ఒంటరిగా వింటే ఎవరో ముక్కుతో పాడుతున్నట్టుంది. రాత్రి ఇంట్లో తక్కువ శబ్దంలో పెట్టి విని నేనే ముఖం చిట్లించుకున్నాను. దానికీ కారణం ఉంది. శబ్దం తక్కువగా ఉన్నప్పుడు మన చెవి కింది స్వరాలను సరిగా పట్టుకోదు. గట్టిగా ఉన్నప్పుడు బాగా పట్టుకుంటుంది. 1933లోనే ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు దీన్ని కొలిచి గీతలు గీశారు. ఇంట్లో మెల్లగా వింటూ బేస్ పెంచుకుని, అదే సెట్టింగ్‌తో మండపంలో మాస్టర్ తిప్పితే మోత తప్ప ఏమీ మిగలదు. నాలుగో రోజు నాకు జరిగింది అదే.

గిటార్ దగ్గర కూడా ఒకటి పట్టుకున్నాను. నాది రెండు పికప్‌లది, అంటే తీగ ఊపును సిగ్నల్‌గా మార్చే ముక్కలు రెండు. రెండూ నిండా తెరిస్తే మధ్య స్వరాలు కొంత ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మెడ వైపుదాన్ని కాస్త తగ్గిస్తే పలుకు ముందుకొచ్చింది. కాకపోతే రెండూ సమానంగా లేకపోతే సన్నగా హమ్ మొదలవుతుంది. ట్యూబ్ లైట్లున్న మండపంలో ఇది ఇబ్బంది. చోటును బట్టి చూసుకోవాలి.

19వ రోజు

బాక్స్ ఎక్కడ పెట్టాలి? మంద్రం అన్ని వైపులకూ పారుతుంది, పై స్వరాలు స్పీకర్ ముందుకే సూటిగా పోతాయి. బాక్స్ నేల మీద, నేను దాని పక్కన రెండడుగుల్లో. పై స్వరాలు నా మోకాళ్ల కింద నుంచి ముందుకు పోతున్నాయి, చెవికి చేరేది అడుగు మోత ఒక్కటే. పలుకు వినపడటం లేదని నేను ట్రెబుల్ పెంచితే, ముందు వరసలో వాళ్ల చెవుల్లో అది సూదిలా గుచ్చుకుంటుంది.

అందుకని ఇనుప కుర్చీ మీదకెక్కించి కొంచెం వెనక్కి వాల్చాను. ప్లాస్టిక్ కుర్చీ ఊగుతుంది, నమ్మలేం. నేల, గోడ, మూల కలిసి మంద్రాన్ని పెంచుతాయి కనుక గోడ నుంచి కూడా నాలుగడుగులు ముందుకు జరిపాను. మోత తగ్గింది. మాస్టర్ ముట్టుకోకుండానే నాకు నేను వినిపించాను. ఎదురుగా ఎనిమిదడుగులు నడిచి చూస్తే ఇంకా బాగుంది. గిటార్ కేబుల్ 20 అడుగులది కొనాలి.

23వ రోజు

మళ్లీ పెళ్లి కచేరీ, ఈసారి పెద్ద మండపం. గెయిన్, మిడ్‌లు, కుర్చీ అన్నీ సిద్ధం. మొదటి మూడు పాటలు బాగా సాగాయి. మెలొడీ పాటలు మొదలవగానే మళ్లీ మసకబారింది. ఫ్రెట్ బోర్డు వైపు చూస్తూ ఆలోచిస్తుంటే పక్కన కీబోర్డు అన్న ఎడమ చెయ్యి కనపడింది. నేను ఎక్కడుంటే అక్కడే, అదే స్వరం, స్ట్రింగ్స్ టోన్‌తో ఒత్తి పట్టుకుని ఉన్నాడు. ఒకే అరుగు మీద ఇద్దరం పడుకున్నట్టుంది.

అడగాలంటే మొహమాటం. నాకంటే తొమ్మిదేళ్లు పెద్ద. నన్ను ఈ పనిలోకి తెచ్చిందీ ఆయనే. విరామంలో కాఫీ గ్లాసు చేతికిచ్చి అడిగాను.

"అన్నా, ఒక మాట. ఏమనుకోవద్దు."

"చెప్పుబ్బా."

"మెలొడీల్లో ఎడమ చెయ్యి ఒక స్థాయి పైకి జరుపుతావా? కింద ఇద్దరం ఒకే చోట తొక్కుతా ఉండాం."

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నాడు. "బేస్ మనిషి రాని కచేరీలు ఎన్ని చేసినాను. కింద పట్టుకునేవాడు లేకపోతే పాట తేలిపోతుందని నేనే పట్టుకుంటా వచ్చినా. చేతికి అలవాటైపోయినాది. నువ్వుండావని చేతికి తెలవాల కదా." గ్లాసు కింద పెట్టి, "రెండు పాటలు చూద్దాం పా" అన్నాడు.

రెండు పాటలనుకున్నది రాత్రంతా అలాగే వాయించాడు. పాతికేళ్ల అలవాటును ఒక్క కాఫీ సేపట్లో పక్కన పెట్టిన మనిషి ఆయన. నేను ఆంప్ మీద మూడు వారాలు తిప్పిన నాబ్‌లన్నీ కలిపినా ఆ ఎడమ చెయ్యి జరిగినంత తేడా తేలేదు. ఇది రాసుకోకపోతే డైరీ అబద్ధమవుతుంది.

31వ రోజు

తప్పు నాదే. చంద్రగిరి వైపు ఒక ఫంక్షన్. అక్కడ ఇంకో బేస్ బాక్స్ ఖాళీగా ఉంటే, రెండు బాక్సులు కలిపితే శబ్దం పెరుగుతుంది కదా అని అడిగి తీసుకుని తగిలించాను. రెండో పాటలో ఆంప్ మౌనం. ప్రొటెక్ట్ లైటు వెలిగింది.

పార్టీ అయ్యాక వెనక స్టిక్కర్ చూశాను: 4 ఓమ్‌లు. నాది 8. రెండూ పక్కపక్కన కలిస్తే 2.67 ఓమ్‌లు. నా హెడ్ తట్టుకునేది 4 దాకానే. కరెంటు మోతాదు మించగానే తనను తాను ఆపేసుకుంది, అందుకే బతికింది. చల్లారాక మామూలుగా ఆన్ అయింది. అది చూసేదాకా నా ప్రాణం నా దగ్గర లేదు.

రెండో బాక్స్ ఆలోచన మాత్రం మంచిదే. అదీ 8 ఓమ్‌లదైతే రెండూ కలిసి సరిగ్గా 4. హెడ్ నుంచి 500 వాట్లూ వస్తాయి. కదిలే కోన్ వైశాల్యం కూడా రెట్టింపు. రెండూ కలిపి 5, 6 డెసిబెల్ దాకా లాభం. 28 కిలోలైనా, ఎత్తేటప్పుడు ఒక్కొక్కటీ 14 కిలోలే. డబ్బు చేరాక చూద్దాం.

34వ రోజు

రెండు చిన్న పనులు. హెడ్ నుంచి బాక్స్‌కు ఇన్నాళ్లు ఒక గిటార్ కేబుల్ వాడుతున్నాను, ఎలాగూ పిన్ను సరిపోతుంది కదా అని. అది సన్నటి తీగ, దాని చుట్టూ జాలి. సిగ్నల్‌కు సరిపోతుంది, స్పీకర్ కరెంటుకు కాదు. మందపాటి రెండు తీగల స్పీకర్ కేబుల్, తిప్పితే బిగుసుకునే స్పీకాన్ పిన్నులతో చేయించాను.

రెండోది హమ్. ఆంప్ నుంచి సిగ్నల్‌ను నేరుగా బయటికి పంపే డిఐ అవుట్ నుంచి మిక్సర్‌కు లైను ఇవ్వగానే బుయ్యిమంటోంది. మన కరెంటు 50 హెర్ట్జ్. నాలుగో తీగ మీద 'జి' స్వరం 49. ఆ శ్రుతిలో పాట వస్తే హమ్, నా స్వరం రెండూ కొట్టుకుంటాయి. ఆంప్ వెనక గ్రౌండ్ లిఫ్ట్ బటన్ నొక్కితే ఆగిపోయింది. కొందరు హమ్ పోవడానికి ప్లగ్‌లోని ఎర్త్ పిన్ను విరిచేస్తారు. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. చెమట చేతులతో ఇనుప తీగలు పట్టుకుని, నోటి దగ్గర మైకు పెట్టుకుని నిలబడే పని మనది. ప్రాణం మీదకు వస్తుంది.

47వ రోజు

గంగ జాతర. వేషాలు కట్టినవాళ్లతో, వేపాకు వాసనతో ఊరంతా నిండిపోయి ఉంది. ఒక సందు మొగలో పరంజా స్టేజీ, పైన పందిరి, మూడు వైపులా ఆకాశం. ఇన్నాళ్లు మండపం గోడలు మోతతో ఇబ్బంది పెట్టాయి. ఇక్కడ గోడలే లేవు. గోడలు లేని చోట దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్ పోతుంది. నా ఒక్క 12 అంగుళాల బాక్స్ జనం చివరిదాకా మోయలేదు, మోయాల్సిన అవసరమూ లేదు. జనానికి మైక్ సెట్ వాళ్ల 18 అంగుళాల సబ్‌లు, అంటే మంద్రానికే ఉండే పెద్ద స్పీకర్లు, ఉన్నాయి.

మైక్ సెట్ తమ్ముడితో ముందే మాట్లాడుకున్నాను. డిఐ బటన్ 'ప్రీ' వైపు పెట్టాను. అంటే నా నాబ్‌లతో సంబంధం లేని సిగ్నల్ అతనికి వెళ్తుంది. నేను స్టేజీ మీద ఏం తిప్పుకున్నా బయట చెడదు. "అన్నా, అందరూ బేస్ బాగా పెంచి నాకు పంపుతారు, నేను ఇక్కడ కోసుకుంటా ఉంటా. నువ్వు సాఫీగా ఇచ్చినావు" అన్నాడు. అతను 40 హెర్ట్జ్ కింద ఉన్నదంతా కోసేసి, మిగతాది సబ్‌లకు వదిలాడు. సబ్‌ల మంద్రం స్టేజీ కింద నుంచి ఎలాగూ తగులుతుంది కాబట్టి నా బాక్స్‌లో బేస్ నాబ్ ఇంకో 2 డెసిబెల్ తగ్గించాను. బాక్స్ ఇప్పుడు నా కోసం, ప్యాడ్స్ తమ్ముడి కోసం, కీబోర్డు అన్న కోసం మాత్రమే. మాస్టర్ పది గంటల దగ్గర. నాలుగో రోజు రెండు గంటలు దాటించినా చాలని మాస్టర్ ఇది.

రాత్రి పదిన్నరకు ఒక నెమ్మది పాట. చరణం చివర కార్డ్ (కలిపి పలికించే స్వరాల గుంపు) 'సి' మీద నిలబడాలి. ఎన్నో ఏళ్లుగా నేను అక్కడ 'సి' మీద ఆగకుండా 'బి' మీదుగా 'ఎ'కు దిగుతాను. ఆ దిగుడు నాకు ఇష్టం. ఎవరికీ వినపడేది కాదు కాబట్టి నాలోనే ఉండిపోయేది. ఈసారి దిగగానే కీబోర్డు అన్న తల నా వైపు తిప్పాడు. రెండో చరణంలో అదే చోటికి వచ్చేసరికి ఆయన కుడి చెయ్యి కూడా కార్డ్ మార్చింది. నేను 'ఎ' మీదికి వచ్చేసరికి 'ఎ మైనర్' అక్కడ ఎదురుచూస్తోంది. గాయని గొంతు ఆ చోట కాస్త ఎక్కువసేపు నిలిచింది.

దిగాక వైర్లు చుడుతుంటే అన్న అడిగాడు. "ఆ దిగుడు ఎప్పటి నుంచి వాయిస్తా ఉండావు?"

"చానా ఏండ్లుగా అన్నా."

"ముందే చెప్పాల కదబ్బా" అని నా బాక్స్ తనే ఎత్తి ఆటోలో పెట్టాడు.

48వ రోజు

టేపు మీద రాసి హెడ్‌కు అంటించినవి: గెయిన్ 11 గంటలు. బేస్ 3 తగ్గింపు, సబ్‌లుంటే 5. లో మిడ్ 4, హై మిడ్ 3 పెంపు. ట్రెబుల్ నడిమిన. బాక్స్ ఇనుప కుర్చీ మీద, గోడకు నాలుగడుగులు.

పాత కాంబో కోసం ఆగిన అబ్బాయికి ఫోన్ చేశాను. ఆదివారం వస్తానన్నాడు. తిరుచానూరులోనే చర్చిలో వాయిస్తాడట. వచ్చినప్పుడు బేస్ నాబ్ సంగతి దగ్గరుండి చూపించాలి.